కాయ చూస్తామో లేదో, మొక్కయితే నాటాం

సంపాదకులు గారికి,

నమస్కారం. మా శ్రీకాకుళం తీరంలోని ఉద్దానం ప్రాంతం మీద మీ జిల్లా పేజీలో వచ్చిన కథనం చదివాను. కిడ్నీ జబ్బు గురించీ, తిత్లీ తుపాను తర్వాత తోటల గురించీ రాసిందంతా ఉన్నదున్నట్టే ఉంది. చివర్లో మాత్రం, ఇక్కడి జనం, ముఖ్యంగా చర్చిలకు వెళ్లేవాళ్లు, అంతా దేవుడి మీద వదిలేసి చేతులు ముడుచుకుని కూర్చున్నారని ఒక మాట రాశారు. ఆ మాట మా చర్చి సంఘంలో చాలామందికి గుచ్చుకుంది. దేవుణ్ని నమ్ముకున్నవాళ్లు కవిటి మండలంలో ఏం చేస్తున్నారో రోజూ చూస్తున్నదాన్ని. మీ పాఠకులకు చెప్పాలనిపించి రాస్తున్నాను. ఉత్తరం కొంచెం పెద్దదైంది, మన్నించండి.

మాది ఎకరంన్నర కొబ్బరి తోట. మధ్య మధ్యలో పనస, గట్టు మీద జీడి. అన్నీ మా మామగారు నాటినవే. 2013లో పైలిన్ తుపాను వచ్చి కొన్ని చెట్లు తీసుకుపోయింది. మిగిలినవాటి సంగతి 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ చూసింది. పలాస దగ్గర తీరం దాటేటప్పుడు గాలి గంటకు 140, 150 కిలోమీటర్లని తర్వాత చెప్పారు. మాకు ఆ లెక్కలేవీ తెలీవు. తెల్లారి తలుపు తీస్తే, ఎప్పుడూ కనిపించని పక్క ఊరి నీళ్ల ట్యాంకు మా గుమ్మంలోంచి కనిపించింది. మధ్యలో అడ్డం ఉండాల్సిన తోటలేవీ లేవు.

ఇంతవరకూ పత్రికలన్నీ రాశాయి. తర్వాతి సంగతే ఎవరూ పెద్దగా రాయలేదు. పడిన దుంగలు తీసే దిక్కులేక తోటల్లోనే కుళ్లాయి. ఆ కుళ్లులో కొమ్ము పురుగు పెరిగింది. నిలబడ్డ నాలుగు చెట్ల మొవ్వులు, అంటే తలలోని లేత చిగుళ్లు, అది తినడం మొదలెట్టింది. కొబ్బరి పండించేవాడికి మొవ్వు పోతే చెట్టు పోయినట్టే. మట్టల మొదళ్లలో ఇసుకా వేపపిండీ కలిపి వేసుకుంటూ, కొక్కెం ఉన్న ఊచతో పురుగుని లాగి చంపుకుంటూ ఉన్నవి కాపాడుకున్నాం. మా పెద్దాడు విశాఖలో పనిచేస్తాడు. "అమ్మేసి వచ్చేయండమ్మా, ఇంకేం ఉందక్కడ" అని ఫోనులో పోరు. వాడి బాధ వాడిది. చాలా ఇళ్లలో పిల్లలు అదే అన్నారు, కొందరు అమ్మేశారు కూడా. వాళ్లను నేను తప్పు పట్టను.

మా ఆయనకు అప్పటికే కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఉద్దానంలో ఇది కొత్త వార్త కాదు. ఎండలో పనిచేసే రైతులకు, కూలీలకు ఈ జబ్బు ఎందుకొస్తోందో ఎన్నేళ్లుగా పరీక్షలు చేస్తున్నా, ఇదీ కారణం అని తేలలేదు. ఇప్పుడాయన డయాలసిస్ మీద ఉన్నారు, అంటే కిడ్నీ చేయాల్సిన పని మిషను చేసి రక్తం శుభ్రం చేస్తుంది. మిషను సూదులు గుచ్చడానికి ఎడమ చేతిలో రక్తనాళాలు కలిపి ఫిస్టులా పెట్టారు. దానిమీద వేలు ఆనిస్తే లోపల రక్తం జుమ్మని పరిగెట్టడం తెలుస్తుంది. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు, ఆ చేతికి బీపీ కూడా చూడకూడదు. రోజుకు ఇన్ని నీళ్లని కొలిచి సీసాలో పోసి ఇస్తాను, మాత్రలతో సహా అందులోనే సరిపెట్టుకోవాలి. బోండాం నీళ్లు అసలు కూడదు. పొటాషియం ఎక్కువట, పాడైన కిడ్నీ దాన్ని బయటకు పంపలేదు. జీవితమంతా కొబ్బరి మీద బతికిన మనిషి మూడేళ్ల మనవడికి బోండాం కొట్టించి, వాడు తాగుతుంటే చూస్తూ కూర్చుంటారు.

ఆ మనిషే మళ్లీ తోట వేద్దామన్నారు.

కొబ్బరి మొక్క నాటడం అంటే వరి నారు వేసినట్టు కాదు, అందుకని తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. గొయ్యి మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతు ఉండాలి. మొక్కకూ మొక్కకూ మధ్య పాతికడుగులు వదలాలి. అడుగున కొబ్బరి తొక్కలు పరిస్తే అవి తడి పట్టి ఉంచుతాయి. ఆపైన మాగిన గెత్తం, పైమట్టి, ఇసుక. మొక్కకు ఏడాది లోపు వయసుండాలి, మొదలు లావుగా ఉండాలి, ఆకులు చీలడం మొదలెట్టి ఉండాలి. పీలగా ఉన్నది ఊరికే ఇచ్చినా తీసుకోకూడదు. తొలకరి పడగానే పెట్టి, ఈదురుగాలికి ఊగకుండా కర్ర కట్టి, రెండు మూడు వేసవులు కుండతోనో పైపుతోనో నీళ్లు పోసి బతికించాలి. ఇంతా చేస్తే మన దేశవాళీ పొడుగు రకం కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. నిండుగా కాయడానికి ఇంకా పడుతుంది. ఆ తర్వాత అరవై ఏళ్లకు పైనే నిలుస్తుంది.

డయాలసిస్ మనిషి ఆరేడేళ్ల లెక్క వేస్తే డాక్టరు ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మా ఆయన గునపం పట్టలేరు. అందుకని డయాలసిస్ లేని రోజున గట్టు మీద చాప వేసుకుని కూర్చుని, కుడి చేత్తో తాడు పట్టుకుని, ఎక్కడ గొయ్యి తియ్యాలో వరస తప్పకుండా చూపించారు. సంఘంలో కుర్రాళ్లు తవ్వారు. ఒకచోట అడుగున్నరకే బండమట్టి తగిలింది. ఇక చాలు మామయ్యా అని తవ్వే కుర్రాడంటే ఈయన ఒప్పుకోలేదు. కొలకర్ర దింపించి, మూడడుగులూ నిండేదాకా తవ్వించారు. పక్క తోట ఆవిడ వచ్చి చూసి, "ఏటి వదినా ఇది, ఈ వయసులో, ఈ ఒంటితో మొక్కలేటి? కాయ తినేదెవలు?" అంది. నేను జవాబు వెతుక్కునే లోపే మా ఆయన, "దేవుడెవలికి పెడితే ఆళ్లు తింటారమ్మా" అన్నారు.

సంపాదకులు గారూ, మీ కథనంలో దేవుడి మీద వదిలేయడం అని రాసింది దీన్నే అయితే, అవును, వదిలేశాం. కాయ ఎవరు తింటారన్నది ఆయనకు వదిలేశాం. గొయ్యి మాత్రం మేమే తవ్వాం.

బైబిలు తెలియని పాఠకుల కోసం యిర్మీయా ప్రవక్త సంగతి ఒకటి చెప్పాలి. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి కూర్చుంది. పట్టణం పడిపోతుందని ప్రవచించినవాడు ఆ యిర్మీయాయే, ఆ మాట అన్నందుకే రాజు అతన్ని చెరసాల ఆవరణలో పెట్టాడు. అప్పుడు పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో నా పొలం కొనుక్కో అన్నాడు. శత్రువు కాళ్ల కింద ఉన్న పొలం అది, ఎవరైనా కొంటారా? యిర్మీయా కొన్నాడు. పదిహేడు తులాల వెండి తూచి ఇచ్చాడు. పత్రం రాయించాడు, సాక్షుల చేత సంతకాలు పెట్టించాడు, ముద్ర వేయించాడు. ఆ కాగితాలు చాలాకాలం ఉండాలని మట్టికుండలో పెట్టించమని తన లేఖకుడు బారూకుకు అప్పగించాడు. ఈ దేశంలో మళ్లీ ఇళ్లూ పొలాలూ ద్రాక్షతోటలూ కొంటారని దేవుడు అన్నాడు కాబట్టి కొన్నాడు. ఆ పొలంలో అతను పంట తీయలేదు. పట్టణం పడిపోయింది, మిగిలిన జనం అతన్ని ఐగుప్తుకు (ఈజిప్టుకు) తీసుకుపోయారు. ఆ అధ్యాయంలో నాకు ఎక్కువ నచ్చేది ఆ తూకం, ఆ సాక్షులు, ఆ ముద్ర. చేతికి రాని పొలమే అయినా రిజిస్ట్రేషనులో ఏ ఒక్కటీ వదల్లేదు. మా ఆయన కొలకర్ర దింపించినప్పుడు నాకు ఆ పత్రమే గుర్తొచ్చింది.

ఇప్పుడు రెండో సంగతి, ఇది మా వాళ్ల కోసం రాస్తున్నాను. మీ కథనంలో ఉన్న నిందకు కారణం పూర్తిగా మీ విలేకరి కాదు. మాలో కొందరు విశ్వాసం అంటే ఏమిటో జనానికి తప్పుగా చెబుతున్నారు. మాకు దగ్గరలో ఒక ఊళ్లో ప్రార్థన కూటాలు జరిగాయి. బయటినుంచి వచ్చిన ప్రసంగీకుడు వేదిక మీంచి, నిజంగా నమ్మినవాళ్లయితే రేపటినుంచి ఆ డయాలసిస్ మిషను దగ్గరకు వెళ్లకండి, అడుగు బయటపెట్టండి, ప్రభువు పట్టుకుంటాడు అని చెప్పాడు. జనం హల్లెలూయ అన్నారు. మా ఆయన షిఫ్టులోనే పక్క మంచం మీద ఉండే ఆవిడ ఆ మాట నమ్మి డయాలసిస్ మానేసింది. ఒంట్లో నీరు నిలిచిపోయి కాళ్లు, ముఖం ఉబ్బాయి. ఊపిరితిత్తుల్లోకి నీరొచ్చి పడుకుంటే ఊపిరాడక, రాత్రంతా గోడకు ఆనుకుని కూర్చుంది. చివరికి 108 వచ్చి తీసుకెళ్లింది. బతికింది, దేవునికి స్తోత్రం. ఆ ప్రసంగీకుడు అప్పటికే వేరే ఊరి కూటాల్లో ఉన్నాడు.

నీరు ఒక్కటే అయితే ఉబ్బు కనిపిస్తుంది. పొటాషియం పెరిగితే కనిపించదు, గుండె ఉన్నపళాన ఆగిపోవచ్చు. ఈ సంగతి డయాలసిస్ సిస్టర్లు మాకు మొదటి వారంలోనే చెబుతారు. వేదిక ఎక్కే వాళ్లకు కూడా ఎవరైనా చెప్పాలి.

సాతాను యేసు ప్రభువును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూకు, దేవదూతలు చేతుల మీద ఎత్తుకుంటారు అన్నాడు. వాక్యం చూపించి మరీ అన్నాడు. ప్రభువు దూకలేదు, నీ దేవుడైన ప్రభువును శోధించకూడదు అన్నాడు. అదే మత్తయి సువార్తలో ప్రభువు శిష్యుడు పేతురు దోనె దిగి నీళ్ల మీద నడిచాడు. అయితే పేతురు తనంతట తాను దిగలేదు. నువ్వే అయితే రమ్మని చెప్పు అని అడిగాడు, ప్రభువు రమ్మన్నాక దిగాడు. పైకి చూస్తే ఈ రెండూ ఒకలాంటి సాహసాలే. పిలుపు విని వేసిన అడుగు ఒకటి, దేవుడికి పరీక్ష పెట్టే గెంతు ఒకటి. డయాలసిస్ మానేయమన్నది రెండో రకం. మంచం మీద మనిషిని చూసుకోవడం, పిల్లల కోసం మొక్క పెట్టడం, పొరుగువాడి బాధలో తోడుండడం, ఇవి మనకు ఎప్పుడో చెప్పేసిన పనులు. వీటికి కొత్తగా దర్శనం రానక్కర్లేదు.

మందు పుచ్చుకుంటే విశ్వాసం తగ్గుతుందా? హిజ్కియా రాజు చావు మంచం మీద ఏడ్చి ప్రార్థిస్తే దేవుడు పదిహేనేళ్ల ఆయుష్షు ఇచ్చాడు, ఆ వెంటనే అంజూరపు పండ్ల ముద్ద పుండు మీద వేయమని యెషయా ప్రవక్త చెప్పాడు. వాగ్దానమూ వచ్చింది, కట్టూ కట్టారు. అపొస్తలుడు పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. ఎందరినో స్వస్థపరచిన ఆ పౌలే తన తోటివాడు త్రోఫిమును మిలేతు పట్టణంలో రోగిగానే విడిచి వచ్చానని తిమోతికి రాశాడు. త్రోఫిముకు విశ్వాసం లేదని రాయలేదు.

నేను నమ్మే ధైర్యం దానియేలు గ్రంథంలో ఉంది. అగ్నిగుండం ముందు నిలబడ్డ ముగ్గురు యువకులు రాజుతో, మా దేవుడు మమ్మల్ని రక్షించగలడు అన్నారు, ఆ మాటతో ఆగలేదు, "ఒకవేళ ఆయన రక్షింపకపోయినను" నీ ప్రతిమకు మొక్కం అన్నారు. మా ఆయన తెల్లవారుజామున డయాలసిస్‌కు సోంపేట వెళ్లేటప్పుడు ఆటోలో ఎక్కే ముందు మేమిద్దరం ప్రార్థన చేసుకుంటాం. బాగుచేయమని అడుగుతాం, మొహమాటం లేకుండా అడుగుతాం. బాగుచేయకపోయినా నువ్వే మా దేవుడివి అని కూడా చెబుతాం. అలా చెప్పిన రోజున ఆటో ఎక్కే కాలు వణకదు. ఇంతకంటే గట్టి సాక్ష్యం నా దగ్గర లేదు.

మా సంఘాలు అసలు ఇలాంటి అడుగుల మీదే పుట్టాయని ఇప్పటి పిల్లలకు తెలియడం లేదు. థామస్ గాబ్రియేలు అని ఒక తెలుగు మనిషి టెలిగ్రాఫ్ శాఖలో సర్కారు ఉద్యోగం వదులుకుని కాకినాడలో సువార్త పని మొదలెట్టాడు. వెనక ఏ మిషనరీ సంస్థా లేదు. ఉన్నది అయిపోయింది, అప్పులు మీద పడ్డాయి. పని మాత్రం ఆపలేదు, కెనడా బాప్టిస్టుల సాయం కోరాడు. 1874 మార్చిలో జాన్ మెక్లారిన్ దొరగారు కాకినాడ వచ్చి ఆ పని అందుకున్నారు. ఏడాది తిరగకుండానే, 1875 జనవరి 1న గాబ్రియేలు చనిపోయాడు. ఆ తర్వాత కెనడా వాళ్ల పని భీమిలి, బొబ్బిలి, శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట దాకా వచ్చింది. ఆదివారం మేం కూర్చునే బల్లల వరకూ వచ్చింది. వాటిలో ఒక్కదాన్నీ ఆయన చూడలేదు. మిషనరీ దొరల పేర్లు రాళ్ల మీద ఉన్నాయి, ఉండాల్సిందే. గాబ్రియేలు పేరు కూడా మన సండేస్కూలు పిల్లలకు నేర్పాలి.

సోంపేట ఆరోగ్యవరం కంటాసుపత్రి సంగతి మా అమ్మ తరం వాళ్లకు బాగా తెలుసు. బెన్ గలిసన్ దొరగారు, ఎవ్లిన్ దొరసానిగారు. పొర కమ్మి చూపు పోతే ఇక అంతే అనుకునే రోజుల్లో, పల్లెల నుంచి మనుషులు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని వచ్చేవారట. ఆ డాక్టరుగారు కెనడాలో కాల్గరీలో ఆర్ట్ జెంకిన్స్ అనే వ్యాపారికి ఇక్కడి గుడ్డివాళ్ల సంగతి చెబితే, 1963లో అక్కడ ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ మొదలైంది. ఇప్పుడది అనేక దేశాల్లో పనిచేస్తోంది. దాని మొదలు మన సోంపేట. ఆ డాక్టరుగారు ప్రార్థన చేసే మనిషే, కత్తి కడిగి ఆపరేషను చేసే మనిషి కూడా.

ప్రభుత్వం చేసింది కూడా చెప్పాలి. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను వస్తోంది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు. హిరమండలం నుంచి పైపుల్లో నీళ్లొస్తున్నాయి. ఇవి రావడానికి అన్ని మతాల వాళ్లూ, ఏ మతమూ లేనివాళ్లూ ధర్నాలు చేశారు, అర్జీలు పెట్టారు. మా పాస్టరుగారు కూడా ఆ ధర్నా టెంటులో కూర్చున్నారు.

మీ పత్రిక ద్వారా అడగాల్సినవి రెండున్నాయి. మొదటిది పాస్టరుగార్లను. వచ్చే ఆదివారమే ప్రసంగ పీఠం మీంచి, డయాలసిస్ గానీ మాత్రలు గానీ ఎవరూ మానొద్దని మీ నోటితో స్పష్టంగా చెప్పండి. కూటాలకు బయటివాళ్లను పిలిచేటప్పుడు ఆ సంగతి ముందే చెప్పి పిలవండి. మీ మాట వింటారు, నర్సమ్మ మాట కంటే మీ మాటే ఎక్కువ వింటారు, అందుకే అడుగుతున్నాను.

రెండోది సంఘాల్లో ఉన్న యువకులను. డయాలసిస్ మొదటి షిఫ్టుకు వెళ్లాలంటే చీకటితోనే బయల్దేరాలి, ఆ వేళకు బస్సుండదు. నాలుగు గంటలు మిషను మీద ఉండి లేచేసరికి బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి, ఒంటరిగా తిరిగి రావడం ప్రమాదం. ఇంట్లో పిల్లలు హైదరాబాదులోనో చెన్నైలోనో ఉంటారు, తోడు ఉండదు. మా సంఘంలో బండ్లున్న కుర్రాళ్లు వారాలు పంచుకుని తీసుకెళ్లి తీసుకొస్తున్నారు. విశ్వాసులనీ కానివాళ్లనీ చూడకుండా, ఆ వీధిలో ఎవరుంటే వాళ్లను. ఇచ్ఛాపురం, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కూడా ఇది మొదలుపెట్టండి. మీ ఊరి నుంచి ఎవరు ఒంటరిగా వస్తున్నారో డయాలసిస్ కేంద్రంలో సిస్టర్‌ని అడిగితే చెబుతారు. మొదట వాళ్ల ఇంటికి వెళ్లి అడగండి. పెట్రోలు ఖర్చు సంగతి సంఘం పెద్దలతో మాట్లాడుకోండి. మేం నెలనెలా కానుకల్లోంచి కొంత దానికి తీస్తున్నాం.

ఇట్లు,
ఒక కొబ్బరి రైతు, బాప్టిస్టు సంఘ సభ్యురాలు,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా